నేలవేమా, నేలవేపా?

సందేహం: జ్వరం వస్తే మా అమ్మమ్మ నేలవేము కషాయం కాచి ఇచ్చేది. మొన్న మూలికల కొట్లో అడిగితే పొట్లం మీద 'నేలవేప' అని ఉంది, కొట్టాయనేమో చిరాయత అంటే ఇదే అన్నారు. ఏది సరైన మాట? అసలు కషాయం అంటే వగరు కదా, ఇంత చేదుదాన్ని కషాయం అనొచ్చా?

సమాధానం: నేలవేము, నేలవేప రెండూ సరైనవే. వేము, వేప ఒకే మాటకు రెండు రూపాలు. తమిళంలో వేంబు, కన్నడంలో బేవు. మన పాత పుస్తకాల్లో వేఁప అని అరసున్నతో ఉంటుంది, తమిళంలో నిండుగా వినిపించే ఆ 'మ్' మన దగ్గర అరసున్నగా మిగిలి, తర్వాత అదీ పోయింది. వేపపుల్ల, వేపపువ్వు, వేపనూనె అంటాం గానీ వేముపుల్ల అనం. వేము మాత్రం 'తినగ తినగ వేము తియ్యనుండు'లోనూ, ఇదిగో ఈ మొక్క పేరులోనూ బతికుంది. అందుకే మీ అమ్మమ్మగారి మాట వదులుకోకండి.

అయితే ఇది వేపలో ఒక రకం కాదు. మోకాలెత్తు మొక్క. కాడను వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలుగా తగులుతుంది, చిన్న తెల్లపూల మీద ఊదా మచ్చలుంటాయి. రంపపు పళ్ల అంచుల వేపాకుతో దీనికి పోలికే లేదు, కుటుంబం చూస్తే అడ్డసరానికి చుట్టం. నేలతాడికి ఆకు చూసి పేరు పెట్టారు, దీనికి రుచి చూసి పెట్టారు.

చిరాయత దగ్గరే చిక్కంతా. సంస్కృతంలో భూనింబం అంటే అచ్చంగా నేలవేపే, కానీ వైద్య నిఘంటువుల్లో అది కిరాతతిక్తానికి, అంటే హిమాలయాల్లో పెరిగే చిరాయతకు మారుపేరు. అది మన వైపు పెరగదు. రెండూ జ్వరానికీ కాలేయానికీ ఆకలి మందగించినప్పుడూ ఇచ్చే చేదు మూలికలే కాబట్టి దాని బదులు నేలవేము వాడారు, పేరు కూడా దీనికి అంటుకుంది. మొక్కలు మాత్రం వేరు. పేరొక్కటే చూసి కొనకండి, గర్భిణులకైతే వైద్యుణ్ని అడగకుండా అసలు ఇవ్వకండి.

ఇక కషాయం. ఆరు రుచుల్లో అది వగరే, మీరన్నది నిజం. వైద్యంలో మాత్రం మూలిక సారాన్ని దించుకునే పద్ధతికి ఆ పేరు. పచ్చి ఆకు పిండిన స్వరసం, నూరిన ముద్ద కల్కం, కాచిన క్వాథం, రాత్రంతా చన్నీళ్లలో నానిన హిమం, వేడినీళ్లలో వేసి వడకట్టిన ఫాంటం, ఈ ఐదూ కషాయాలే. ఉప్పు ఒక్కటి తప్ప మిగతా ఐదు రుచుల ద్రవ్యాలతోనూ కషాయం చేయవచ్చని చరక సంహిత చెబుతుంది, అందులో చేదూ ఉంది. ఇంట్లో మనం కాచేది ఆ ఐదింటిలో క్వాథం.

అన్నట్టు, చేదును సంస్కృతంలో చెప్పాల్సివస్తే కటువు అని రాయకండి. చేదు తిక్తం, కటు అంటే కారం. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిపితే త్రికటు అంటాం కదా, ఆ మూడింటిలో ఏదైనా ఒకటి నోట్లో వేసుకుని చూడండి.