ఆదివారానికి శనివారమే కొనిపెట్టుకోండి

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో చదువుతున్నాడు. నేను, మా ఆవిడ చూడ్డానికి పోతున్నాం, పారిస్ కూడా తిరగాలని ఉంది. హోటల్ తిండి ఖర్చు తలుచుకుంటేనే టెన్షన్. - ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: హోటల్ ఒకటి రెండు పూటలకే పెట్టుకోండి సార్, మిగతాదంతా బేకరీలు, సూపర్ మార్కెట్లతో గడిచిపోతుంది. పారిస్‌లో బాగెట్ అనే పొడుగాటి రొట్టె యూరో, యూరోన్నర మధ్యలో దొరుకుతుంది, అందులోనే 'ట్రెడిషన్' రకం అడగండి, 1993 నాటి ప్రభుత్వ నిబంధన ప్రకారం అందులో యాడిటివ్‌లు, అంటే నిల్వకోసమో రుచికోసమో వేసే అదనపు పదార్థాలు, కలపకూడదు, పైన కరకరమంటూ లోపల మెత్తగా ఉంటుంది, రూముకు చేరేలోపే ఒక కొస తినేస్తారు చూడండి. దాంట్లోకి చీజ్, టమాటాలు కొంటే ఇద్దరికీ మధ్యాహ్నం భోజనం అయిపోయినట్టే.

జర్మనీలో మాత్రం ఆదివారం సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ బంద్. ప్లాస్టిక్ నీళ్ల సీసా మీద 25 సెంట్లు డిపాజిట్ పట్టుకుంటారు, ఖాళీది మార్కెట్‌లోని మిషన్‌లో వేస్తే చీటీ వస్తుంది, కౌంటర్‌లో ఇస్తే డబ్బులు వాపస్, పారేయకండి.

మామిడికాయ తొక్కు గట్టిగా ప్యాక్ చేసి తీసుకెళ్లండి. అబ్బాయి కోసం నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, ఇక్కడి నుంచి పాల పదార్థాలు తీసుకెళ్తే అక్కడి ఎయిర్‌పోర్ట్‌లో తీసేసుకుంటారు.