గేమింగ్ ప్రశ్నలు – జవాబులు: 30 లక్షలు అమ్ముడైనా ఫ్లాపేనా?

ప్రశ్న: అన్నా, ఫైనల్ ఫాంటసీ 16 గేమ్ వారంలోనే 30 లక్షల కాపీలు అమ్ముడైందని దాన్ని తెచ్చిన జపాన్ కంపెనీ స్క్వేర్ ఎనిక్సే చెప్పుకుంది. ఏడాది తిరిగాక అదే కంపెనీ లాభాలు అనుకున్నంత రాలేదు అంది. ఇంతకీ హిట్టా ఫ్లాపా? మా ఫ్రెండ్స్ గ్రూపులో రోజూ ఇదే గొడవ.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తమ్ముడూ, కంపెనీ చెప్పిన రెండు మాటలూ నిజమే. సినిమా లెక్కలు నీకు తెలియనివి కావు, వంద కోట్ల షేర్ వచ్చినా నూట యాభైకి అమ్మిన సినిమా అయితే బయ్యర్ మునిగినట్టే కదా, ఇక్కడా అదే. ఎంత అమ్ముడైంది అనేది సగం ప్రశ్నే, ఎంత ఖర్చు పెట్టారు, ఎంత వస్తుందని ముందే లెక్కేసుకుని కూర్చున్నారు అనేది మిగతా సగం.

ఇంకోటి, ఆ 30 లక్షల్లో షాపులకి పంపిన డిస్కులు కూడా ఉంటాయి. డిజిటల్‌గా అమ్మినవి, దుకాణాలకి పంపినవి కలిపి చెప్పే అంకె అది. జపాన్ కంపెనీలు చాలావరకు ఇలాగే చెప్తాయి, ఇందులో మోసమేం లేదు, కానీ ర్యాకులో ఉన్న డిస్కు కూడా ఆ లెక్కలోకి వస్తుందని గుర్తుపెట్టుకో.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. 2023 జూన్ 22న గేమ్ వచ్చింది, అదీ సోనీ గేమ్ మెషిన్ ప్లేస్టేషన్ 5 (పీఎస్5)కి మాత్రమే. అప్పటికి ప్రపంచం మొత్తం మీద పీఎస్5లు దాదాపు 4 కోట్లు. అంటే వంద మంది పీఎస్5 ఓనర్లలో ఏడెనిమిది మందికి సరిపడా కాపీలు వారంలో వెళ్ళాయి. 2020 ఏప్రిల్‌లో ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ వచ్చినప్పుడు మూడు రోజుల్లో 35 లక్షలు అన్నారు, అందరూ ఆహా ఓహో అన్నారు, కానీ అప్పటికి పీఎస్4లు 10 కోట్లు దాటిపోయాయి, లెక్కేస్తే వందకి మూడున్నర కూడా లేదు. మరి ఎవరు బాగా ఆడినట్టు? నన్నడిగితే 16 ఉన్న చోట అదరగొట్టింది, కాకపోతే ఉన్న చోటే చిన్నది. పీసీకి 2024 సెప్టెంబర్‌లో గానీ రాలేదు, మైక్రోసాఫ్ట్ మెషిన్ ఎక్స్‌బాక్స్‌కి 2025 జూన్‌లో. అప్పటికి ఆ వేడి ఎక్కడుంటుంది చెప్పు?

2016 నవంబర్‌లో 15వ భాగం పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ రెండిటికీ ఒకేసారి వచ్చి మొదటి రోజే 50 లక్షలు దాటింది. ఆ అంకెతో పోల్చి 16ని తిట్టేవాళ్ళు ఈ తేడా ఒక్కసారి కూడా చెప్పరు, నాకు అదే బాధ.

అంచనాలు ఎక్కువ పెట్టుకోవడం స్క్వేర్ ఎనిక్స్‌కి కొత్త కూడా కాదు. 2013లో టూంబ్ రైడర్ నెల తిరక్కుండానే 34 లక్షలు అమ్మింది, అయినా అంచనా అందలేదన్నారు, ఆ ఏడాది నష్టాల మధ్యే ప్రెసిడెంట్ యోయిచి వాడా పదవి నుంచి దిగిపోయారు. తర్వాత చూస్తే ఆ సిరీస్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైంది ఆ గేమే. మొదటి నెల చూసి తీర్పు చెప్తే ఇలాగే ఉంటుంది.

ప్రశ్న: టర్న్ పద్ధతిలో, అంటే వంతులవారీగా ఫైట్ చేసే ఎక్స్‌పెడిషన్ 33 కూడా దాదాపు అన్నే కాపీలు అమ్మి సూపర్ హిట్ అయింది కదండీ, మరి ఫైనల్ ఫాంటసీకి ఆ టర్న్ పద్ధతి వదిలేసినందుకే ఈ గతి పట్టిందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మంచి పోలిక పట్టారండి. 2025 ఏప్రిల్ 24న వచ్చింది, 33 రోజుల్లో 33 లక్షలు. ఫ్రాన్స్‌లో మోంపెలియే ఊళ్ళో శాండ్‌ఫాల్ అనే చిన్న స్టూడియో, వాళ్ళకిదే మొదటి గేమ్, ధర తక్కువ, పీసీ పీఎస్5 ఎక్స్‌బాక్స్ మూడిటికీ ఒకేసారి వచ్చింది. 16 అంతే సరుకు ఒక్క వారంలో పంపించి డీలా పడితే వీళ్ళు నెలకి అమ్మి పండగ చేసుకున్నారు, ఎందుకంటే వీళ్ళు తిరిగి రాబట్టుకోవాల్సిన డబ్బు చాలా తక్కువ.

టర్న్ పద్ధతి వదిలేసినందుకే అంటే మాత్రం నేను ఒప్పుకోను. 7 రీమేక్‌లోనూ పాత టర్న్ లేదు కదా, అయినా కొన్నారు. పాత అభిమానులకి టర్న్ అంటే ప్రాణమే, నాకూ ఇష్టమే, కానీ లాభనష్టాల కథలో అది ఒక్క ముక్క మాత్రమే. 7 రీమేక్‌కి కొనసాగింపు రీబర్త్ చూడండి, 2024 ఫిబ్రవరి 29న వచ్చింది, విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, అదీ లాభాల్లో అంచనా అందుకోలేదు. మూడు భాగాల కథలో రెండోది అది, మొదటిది పూర్తిచేయనివాళ్ళు రెండోది ఎందుకు కొంటారు? పైగా అదీ మొదట పీఎస్5కే వచ్చింది. అదే ఏడాది మేలో కంపెనీ ఇక అన్ని మెషిన్లకీ గేములు తెస్తామని ప్లాన్ మార్చింది, ఇది ఐదేళ్ళ ముందే చేయాల్సిన పని అని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: హైప్ వల్ల గేమ్‌కి మంచా చెడా? ఎల్డర్ స్క్రోల్స్ 6 కోసం చూసి చూసి విసుగొచ్చేసింది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఏళ్ళ ముందే ప్రకటించేస్తే చెడే అండి. 2018 జూన్‌లో కొండలు, పైన టైటిల్, నిమిషం కూడా లేని టీజర్ వదిలారు. ఆ సిరీస్‌లో ఐదోదైన స్కైరిమ్ 2011 నవంబర్‌ది, 6 కోట్లు దాటి అమ్ముడైంది, ఇప్పుడు ఆరోది ఎంత బాగున్నా ఆ 6 కోట్ల పక్కన నిలబెట్టి కొలుస్తారు, మొదటి వారం అంకె రాగానే నిరాశ అని రాసేస్తారు. డ్రాగన్ క్వెస్ట్ 12 కూడా అంతే, 2021 మేలో లోగో చూపించి ఏళ్ళ తరబడి ఊరుకున్నారు. ఫైనల్ ఫాంటసీ 15 అయితే 2006లో వేరే పేరుతో ప్రకటించి పదేళ్ళకి తెచ్చారు, ఈ పదేళ్ళలో ఒక్కొక్కరు మనసులో ఒక్కో గేమ్ తయారుచేసుకున్నారు, వచ్చిందేమో వాటిల్లో ఏదీ కాదు. ప్రకటించిన ఏడాదిలోపు చేతికొచ్చే గేముల మీద ఈ బరువు ఉండదు.

ప్రశ్న: ఫైనల్ ఫాంటసీ ఒక్కటి కూడా ఆడలేదు, 16తో మొదలెట్టొచ్చా అన్నా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నిక్షేపంగా. 1987 నుంచి నంబర్ ఉన్న ప్రతి భాగం దాదాపు వేరే కథ, వేరే లోకం, వరసగా ఆడక్కర్లేదు. పీసీలోనూ పీఎస్5లోనూ ఫ్రీ డెమో ఉంది, మొదలే చాలా సేపు ఆడిస్తుంది, నచ్చి కొంటే సేవ్ అలాగే కంటిన్యూ అవుతుంది. డిస్కౌంట్లు తరచూ వస్తున్నాయి కాబట్టి ఫుల్ రేటు పెట్టకు. రీబర్త్ మాత్రం రీమేక్ ఆడాకే ముట్టుకో, లేకపోతే ఎవరు ఎవరో అర్థం కాదు.