పదేళ్ల తర్వాత మళ్లీ నల్లకోటు

ప్రశ్న: నా వయసు 38. 2011లో ఎల్‌ఎల్‌బీ పూర్తిచేసి, ఎన్‌రోల్ అయి, బార్ ఎగ్జామ్ కూడా పాసయ్యాను. గుంటూరు కోర్టులో ఐదేళ్లు జూనియర్‌గా చేశాను. 2016లో పెళ్లయి బెంగళూరు వెళ్లిపోయాను. ఇద్దరు పిల్లలు. మధ్యలో మూడేళ్లు ఒక కంపెనీ లీగల్ విభాగంలో లీజు అగ్రిమెంట్లు చూశాను. ఇప్పుడు మళ్లీ గుంటూరు వచ్చేశాం. కోర్టుకి వెళ్లాలని ఉంది, కానీ నా తర్వాత వచ్చినవాళ్లకే ఇప్పుడు జూనియర్లు ఉన్నారు. మళ్లీ ఫైళ్లు మోయాలా? జడ్జి పరీక్ష రాయనా? ఇంట్లో మాత్రం ఇంకో ఉద్యోగం చూసుకోమంటున్నారు.

జవాబు: మీ టెన్షన్ అంతా వయసు గురించే. ఉత్తరం చదవగానే నాకొచ్చిన అనుమానం వేరు. కంపెనీలో చేరేటప్పుడు, లాయర్లని నమోదుచేసే బార్ కౌన్సిల్‌కి చెప్పారా? ఆ మాట మీరెక్కడా రాయలేదు. నెలజీతం మీద ఫుల్‌టైమ్ ఉద్యోగంలో చేరిన అడ్వకేట్ ఆ సంగతి బార్ కౌన్సిల్‌కి తెలియజేసి ప్రాక్టీసు ఆపేయాలి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో రూల్ 49 చెప్పేది ఇదే. చాలామంది చెప్పరు. చెప్పి ఉంటే, తిరిగి మొదలుపెట్టడానికి అఫిడవిట్‌తో దరఖాస్తు ఇవ్వాలి. చెప్పకపోతే ఇప్పుడైనా రిలీవింగ్ లెటర్ జతచేసి, ఆలస్యానికి కారణం రాసి ఇవ్వండి. అది తేలేదాకా ఒక్క వకాలత్ (కేసు నడపడానికి క్లయింటు ఇచ్చే అధికారపత్రం) మీదా సంతకం పెట్టొద్దు. రేపు అవతలి పార్టీ ఈ పాయింటు పట్టుకుంటే మీ పేరుతోపాటు క్లయింటు కేసూ ఇబ్బందుల్లో పడుతుంది.

ఇంకోటి. మీరు ఎన్‌రోల్ అయినప్పుడు రాష్ట్రం ఒకటే, బార్ కౌన్సిలూ ఒకటే. ఇప్పుడు రెండూ రెండయ్యాయి. మీ పేరు ఏ కౌన్సిల్ రోల్‌లో, అంటే లాయర్ల జాబితాలో ఉందో ముందు కనుక్కోండి. ఎన్‌రోల్‌మెంట్ మాత్రం ఎక్కడికీ పోదు. ఇన్నేళ్లు కోర్టుకి రానంత మాత్రాన అది రద్దు కాదు.

జడ్జి పరీక్ష సంగతి త్వరగా తేల్చేద్దాం. జూనియర్ సివిల్ జడ్జికి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో మళ్లీ తప్పనిసరి చేసింది. అది మీకుంది. అడ్డం వచ్చేది వయసే. జనరల్ కేటగిరీకి మామూలుగా 35 దాటకూడదు. మీకు సడలింపు వర్తిస్తుందేమో నోటిఫికేషన్‌లో చూసుకోండి. జిల్లా జడ్జి పోస్టుకి ఏడేళ్లు కావాలి, అదీ దరఖాస్తు చేసే రోజుదాకా కొనసాగుతున్న ప్రాక్టీసు అయి ఉండాలి. 2013లో దీపక్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. అంటే పాత ఐదేళ్లకి కొత్త రెండేళ్లు కలిపేస్తే సరిపోదు. కాబట్టి పరీక్షను నమ్ముకుని కోచింగ్‌కి డబ్బు కట్టొద్దనే చెబుతాను.

ఇక ఫైళ్లు మోయడం. మోయాలి, కానీ ఆరునెలలు చాలు. ఎందుకో ఒక్క ఉదాహరణ చెబుతాను. మీ రోజుల్లో బార్ రూమ్‌లో ఎవరైనా ‘ఫోర్ ఎయిటీ టూ వేశాం’ అంటే సెక్షన్ 482 కింద హైకోర్టులో క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమనే పిటిషన్ అని అర్థం. ఇప్పుడు ఆ నంబరంటే ముందస్తు బెయిలు! 2024 జులై 1 నుంచి క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్, నేరాలూ శిక్షలూ చెప్పే ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్ వచ్చాయి. బీఎన్‌ఎస్‌ఎస్‌లో క్వాష్ 528కి వెళ్లింది, ముందస్తు బెయిలు ఇచ్చే పాత 438 వచ్చి 482లో కూర్చుంది. భార్యని వేధించడం మీద ఐపీసీలో ఉన్న 498ఏ ఇప్పుడు బీఎన్‌ఎస్‌లో 85. భార్య మెయింటెనెన్స్ సీఆర్‌పీసీ 125 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 144కి మారింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకి ఐపీసీ సెక్షన్లే నడుస్తాయి కాబట్టి రెండూ నోటికి రావాలి. ఇది పుస్తకంతో రాదు, రోజూ వాయిదాలకి నిలబడితేనే వస్తుంది.

సంతోషించాల్సిన సంగతేమిటంటే సివిల్ వైపు ఇంత గందరగోళం లేదు. సివిల్ కేసుల పద్ధతి చెప్పే సీపీసీలో ఆర్డర్లు మీరు వదిలివెళ్లిన చోటే ఉన్నాయి. చెక్కు బౌన్స్ కేసు క్రిమినల్ వైపుదే అయినా ఇప్పటికీ సెక్షన్ 138 కిందే. అందుకే సివిల్ పని ఎక్కువున్న ఆఫీసే చూసుకోండి. మీ పాత సీనియర్ ఉంటే మొదట ఆయన్నే కలవండి. జూనియర్లకి పట్టణాల్లో నెలకి 20 వేలు, పల్లె ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చెప్పింది గానీ అది సిఫార్సే, హక్కుగా అడగలేరు. ఆరునెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకుని దిగండి.

ఆ తర్వాత ఏం చేయాలో మీ అనుభవంలోనే ఉంది. మూడేళ్లు లీజు అగ్రిమెంట్లు చదివిన కన్ను మీది. గుంటూరు చుట్టూ ఉన్నదంతా భూముల పని. రాజధాని అమరావతి ల్యాండ్ పూలింగ్‌లోనే రైతులు 30 వేల ఎకరాలకు పైగా ఇచ్చి, బదులుగా ప్లాట్లు తీసుకున్నారు. ఆ ప్లాట్లు అమ్మినా, కొన్నా, తాకట్టు పెట్టినా ఎవరో ఒకరు ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు వరసగా పేర్చి, ఎక్కడ వారసుల సంతకం తప్పిందో పట్టుకుని లీగల్ ఒపీనియన్ రాయాలి. ఈ పనికి రోజంతా కోర్టు హాల్లో నిలబడక్కర్లేదు, పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చుకున్నాకా చేసుకోవచ్చు. నన్నడిగితే మీరు స్థిరపడాల్సింది ఇక్కడే. దీంతోపాటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌కీ దరఖాస్తు చేయండి. మూడేళ్ల ప్రాక్టీసు ఉంటే అర్హులే. ఫీజు తక్కువే, కానీ కేసులొస్తాయి, కోర్టుకి మీ ముఖం మళ్లీ అలవాటవుతుంది.

మీవాళ్లు చెప్పే ఉద్యోగం చెడ్డదేం కాదు. అయితే అందులో చేరిన రోజు నుంచి ప్రాక్టీసు మళ్లీ ఆగిపోతుంది. రెండూ చేస్తాననుకోవద్దు.

ఈ వయసులో మళ్లీ మొదలా అన్నారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా బాగా నిలదొక్కుకున్నాక, ముప్పై దాటిన వయసులో 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చారు. తెలిసిన ఊరు వదిలేసి మద్రాసు హైకోర్టులో కొత్తగా బోర్డు పెట్టుకున్నారు. మీకు ఓడెక్కే పని కూడా లేదు.

ముందు ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ ఒరిజినల్ ఎక్కడుందో వెతకండి. బెంగళూరు నుంచి వచ్చిన అట్టపెట్టెలన్నీ విప్పారా?