టెక్ సందేహాలు: ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంటే బోటు ఇంజిన్ అలైన్‌మెంట్ అయిపోతుందా?

ప్రశ్న: మా బాబాయి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న స్పీడ్‌బోటు ఉంది. ఇంజిన్ లోపల, డ్రైవ్ బయట ఉండే స్టెర్న్‌డ్రైవ్ రకం. ఇంజిన్ ఓవర్‌హాల్ చేయించి మళ్లీ దింపాం. డ్రైవ్ ఎక్కించే ముందు అలైన్‌మెంట్ చూడాలి, దానికో ప్రత్యేకమైన రాడ్డు కావాలి అంటున్నారు. ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంది కదా, ఇంజిన్ మీదా వెనక ప్లేటు మీదా పెట్టి ఒకే డిగ్రీ వస్తే సరిపోదా? ఇంకోటి, హార్బర్‌లో మెకానిక్ బోటు నీళ్లలో ఉన్నప్పుడే చూడాలంటాడు. వీడియోల్లో అందరూ ట్రెయిలర్ మీదే చేస్తున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: యాప్ పక్కన పెట్టేయండి. రాడ్డు సంపాదించండి.

ఎందుకో చెప్తాను. ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రానికి (ఫ్లైవీల్) ఒక కప్లర్, అంటే షాఫ్ట్‌ను ఇంజిన్‌కు కలిపే ముక్క, బిగించి ఉంటుంది. దాని మధ్యలో రబ్బరు, నడిమి రంధ్రంలో పళ్లు. బయటి డ్రైవ్ నుంచి వచ్చే షాఫ్ట్ బోటు వెనక గోడలో ఉన్న గింబల్ బేరింగ్ గుండా దూరి, ఆ పళ్లలో కూర్చోవాలి. అంటే బేరింగ్ రంధ్రం, కప్లర్ రంధ్రం ఒకే గీత మీద ఉండాలి. అలైన్‌మెంట్ అంటే ఇంతే.

ఫోన్ చూపించేది భూమికి ఏది ఎంత వాలిందన్నది మాత్రమే. రెండు చోట్లా ఒకే డిగ్రీ వచ్చిందనుకుందాం. కొసకు కొస ఆనించిన రెండు పట్టాలు ఒకే వాలులో ఉండి, ఒకటి అర అంగుళం పైకి ఉంటే రైలు సాఫీగా నడుస్తుందా? ఆ అర అంగుళం యాప్‌కు కనబడదు. పైగా ఒక్క డిగ్రీ తేడా అంటే 60 సెం.మీ. దూరానికి 10 మి.మీ. పైచిలుకు. ఫోన్ వెనక కెమెరా ఉబ్బు, రబ్బరు కవరు కలిస్తే ఒక డిగ్రీ తప్పడం ఎంతసేపు!

రాడ్డుతో పని చూస్తే ఇంత సులువా అనిపిస్తుంది. డ్రైవ్ విప్పేసి ఉంటుంది కనుక వెనక రంధ్రం ఖాళీ. రాడ్డు కొసకు పల్చగా గ్రీజు రాసి, బేరింగ్ గుండా కప్లర్‌లోకి తోయాలి. బేరింగ్ తన గూట్లో కొద్దిగా అటూఇటూ తిరుగుతుంది కాబట్టి ముందు రాడ్డును పైనా కిందా పక్కలా మెల్లగా తట్టి దాన్ని కప్లర్ వైపు తిప్పుకోవాలి. తర్వాత రాడ్డు రెండు వేళ్లతో పట్టి లాగితే రావాలి, తోస్తే వెళ్లాలి. సుత్తి అవసరమైందంటే అలైన్‌మెంట్ లేనట్టే. బయటికి తీసి గ్రీజు చూడండి. కప్లర్ పళ్ల గీతలు చుట్టూ సమానంగా పడితే పని అయిపోయింది. పైన మాత్రమే, లేదా కింద మాత్రమే పడితే ఇంజిన్ ముందు మౌంటింగ్‌ల (ఇంజిన్‌ను మోసే కాళ్ల) దగ్గర లాక్‌నట్టు వదులు చేసి, ఎత్తు సర్దే నట్టును రెండు వైపులా సమానంగా పావు చుట్టు తిప్పి మళ్లీ రాడ్డు పెట్టండి. వెనక మౌంటింగ్‌లు గోడ ప్లేటుకే బిగిసి ఉంటాయి, వాటిని కదపాల్సిన పని లేదు. నాలుగైదు సార్లు పడుతుంది, ఓపిక పట్టండి. తొందరపడి డ్రైవ్ ఎక్కించేస్తే కప్లర్ పళ్లు అరిగిపోయి, ఒకరోజు సముద్రం మధ్యలో ఇంజిన్ మోత మోగుతుంది, బోటు మాత్రం కదలదు.

ప్రతి ఏడాదీ ఇదే తిప్పలు వస్తుంటే మౌంటింగ్ నట్టును తిట్టుకోకండి. కింద ఇంజిన్ మోసే దూలాలో, వెనక గోడలోని చెక్కో నీరు పీల్చి మెత్తబడి ఉంటుంది. ముందు దాని సంగతి చూడాలి.

గాజువాక ఆటోనగర్‌లో లేత్ మీద రాడ్డు తిప్పించుకుంటామని అంటారేమో. తిప్పించుకోవచ్చు. కానీ మీ డ్రైవ్ మోడల్‌కు తగ్గ కొలతలు దగ్గర పెట్టుకుని, వంకర లేకుండా ఉందో లేదో డయల్ గేజ్‌తో (సన్నటి తేడాలను ముల్లుతో చూపే కొలత సాధనం) చూసి మరీ తీసుకోండి. వంకర రాడ్డు కంటే రాడ్డు లేకపోవడమే నయం. వంకర రాడ్డు ‘సరిగ్గా ఉంది’ అని అబద్ధం చెబుతుంది.

మెకానిక్ మాటకొస్తే, ఆయన చెప్పింది తప్పు కాదు, ఆయన బోటు వేరు. హార్బర్‌లో వేటకు వెళ్లే మరబోట్లలో ఇంజిన్ నుంచి పొడవాటి షాఫ్ట్ నేరుగా ప్రొపెల్లర్‌కు పోతుంది. నీళ్లలోకి దింపాక బోటు అడుగు కొంచెం వంగుతుంది, షాఫ్ట్ గీత మారుతుంది. అందుకే వాళ్లు నీళ్లలో ఒక రోజు ఉంచి, ఇంజిన్ వైపు, షాఫ్ట్ వైపు ఎదురెదురుగా బిగిసే గుండ్రటి పళ్లేల (ఫ్లాంజ్‌ల) మధ్య నాలుగు వైపులా ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూస్తారు. 100 మి.మీ. ఫ్లాంజ్‌కు తేడా 0.1 మి.మీ. దాటకూడదన్నది చేతి లెక్క. మీ దాంట్లో బేరింగూ వెనక మౌంటింగులూ ఒకే గోడను పట్టుకుని ఉంటాయి. దానికి తోడు డ్రైవ్ విప్పితేనే రాడ్డు పడుతుంది, నీళ్లలో విప్పితే ఆ రంధ్రం గుండా నీళ్లు లోపలికొస్తాయి. కనుక ట్రెయిలర్ మీదే చూడండి. ఇంజిన్, డ్రైవ్ కలిపిన ఈ పద్ధతిని 1959లో వోల్వో పెంటా ఆక్వామాటిక్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. మన దగ్గర ఈ రకం తక్కువ, అందుకే అన్నీ షాఫ్ట్ బోటు లెక్కన చెబుతారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న 61 రోజులూ హార్బర్‌లో మంచి మెకానిక్ దొరకడం గగనం. అందరి బోట్లూ అప్పుడే రిపేరుకొస్తాయి. మీ పని ఆ సీజన్‌కు ముందో తర్వాతో పెట్టుకోండి.

ప్రశ్న: కప్లర్ లోపల పళ్లు ఎలా ఉన్నాయో చూడటానికి ఫోన్‌కు తగిలించే ఎండోస్కోప్ కెమెరా కొనొచ్చా?
– మరో పాఠకుడు, పెద జాలారిపేట

జవాబు: కొనండి, ఇక్కడ ఫోన్ నిజంగా ఉపయోగపడుతుంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఓటీజీ (యూఎస్‌బీ పరికరాలను నేరుగా తగిలించే వీలు) ఉందో లేదో ముందే చూసుకోండి. ఐఫోన్ అయితే వైఫై రకం తీసుకోండి. చవక వాటిలో ఫోకస్ మారదు, మరీ దగ్గరికి పెడితే బొమ్మ అలికేసినట్టు వస్తుంది, కొంచెం వెనక్కి లాగి చూడండి. పళ్ల మీద గ్రీజు తుడిచాకే కెమెరా పెట్టండి. అంచులు కత్తిలా పదునెక్కినా, ఎర్రటి పొడి కనిపించినా కప్లర్ మార్చాల్సిందే. అదే కెమెరాతో బేరింగ్‌కు బయటి వైపున్న రబ్బరు బెల్లో (షాఫ్ట్‌ను కప్పే మడతల తొడుగు) మడతల్లో పగుళ్లు కూడా చూడండి. ఉప్పునీళ్లు అక్కడి నుంచే బేరింగ్‌లోకి దిగుతాయి.