దొరికిన కారు, తగ్గిన ధర: బీమా ఎంత ఇస్తుంది?

దొంగలు ఎత్తుకెళ్లిన కారు, బీమా సొమ్ము రాకముందే దొరికింది. తగ్గిన అమ్మకపు ధరను కంపెనీ భరిస్తుందా? మన దేశంలో భరించదు. తరుగుదల, పర్యవసాన నష్టం (ఘటన వల్ల పరోక్షంగా కలిగే నష్టం) సమగ్ర పాలసీలోనే వర్తించని మినహాయింపులు.

పూర్తి ఐడీవీ (పాలసీలో కారుకు కట్టిన విలువ) కూడా రాదు, మరమ్మతు ఖర్చే వస్తుంది. అందులోనూ ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి 50 శాతం కోత ఉంటుంది. జీరో డిప్రిసియేషన్ (తరుగుదల కోత లేకుండా చెల్లించే అదనపు కవర్) తీసుకుని ఉంటే ఇది చాలావరకు తప్పుతుంది. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే మాత్రం పూర్తి నష్టంగా లెక్కిస్తారు. అందుకే నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు చూడకముందు దేన్నీ బాగుచేయించకండి. ఇంజిను, వైరింగు విప్పి చూడమని గట్టిగా అడగండి. పైపై గీతలు చూసి వేసే అంచనా మీకు అన్యాయమే.

కారును పోలీసు స్టేషను ఆవరణలో తుప్పు పట్టనివ్వకండి. ఇలా వాహనాలను నెలల తరబడి ఉంచవద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు చేస్తే పూచీకత్తుపై తాత్కాలికంగా విడుదల చేస్తారు.

సొమ్ము పూర్తిగా చెల్లించాక దొరికితే కారు సాధారణంగా కంపెనీదే. అంచనా మరీ తక్కువైతే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోగా జవాబు రాకపోతే, ఇలాంటి ఫిర్యాదులను పరిష్కరించే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, రుసుము ఉండదు.