ట్యాబ్ మార్చాలా, ఫైలు మార్చాలా?

ప్రశ్న: తొమ్మిదో తరగతిలో చూపు బాగా తక్కువున్న అమ్మాయికి ట్యాబ్‌లో టాక్‌బ్యాక్ (తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించేది) పెట్టించాం. వాట్సాప్ మెసేజ్‌లు చక్కగా చదువుతోంది. నేనిచ్చిన నోట్సు మాత్రం ఏవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులుగా చదువుతోంది. వేరే ట్యాబ్ కొనాలా?
– తెలుగు ఉపాధ్యాయిని, పల్నాడు జిల్లా

జవాబు: ట్యాబ్ బాగానే ఉంది, ఫైలు మార్చండి. ఆ నోట్సు అను ఫాంట్లలో టైపు చేయించినట్టుంది. వాటిలో తెలుగు పైకి కనిపించేదే తప్ప, కంప్యూటర్ లోపల దాచుకునేవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. టాక్‌బ్యాక్ వాటినే చదువుతుంది. డీటీపీ సెంటర్ల వాళ్లను అనడానికి లేదు, అచ్చు పనికి ఆ ఫాంట్లు చాలు.

ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి. తెలుగు వస్తే అది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ తెలుగుగానే గుర్తుపట్టే అక్షరాలు. గజిబిజి వస్తే కాదు. పాత ఫైళ్లను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. కాకపోతే వత్తులు, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు దొర్లుతాయి, ఒకసారి చదివి దిద్దాల్సిందే. కొత్త నోట్సు మాత్రం ఫోన్‌లో జీబోర్డ్‌తోనో కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతోనో నేరుగా యూనికోడ్‌లోనే కొట్టండి.

ఇంత చేసి చివర్లో పీడీఎఫ్ చేశారంటే మళ్లీ మొదటికి రావచ్చు. తెలుగు పీడీఎఫ్‌లలో గుణింతాలు చెదిరి, టాక్‌బ్యాక్ ముక్కలుముక్కలుగా చదవడం తరచూ జరిగేదే. వర్డ్ ఫైలుగానే పంపండి. పుస్తకం పేజీని ఫొటో తీసి పంపితే మామూలుగా అందులోని అక్షరాలు చదవదు, అది బొమ్మ కదా. ఆ ఫొటోను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు విడిగా వస్తాయి. ఫొటో 2 ఎంబీ లోపు ఉండాలి. రెండు కాలమ్‌ల పేజీ అయితే ఒక్కో కాలమ్‌ను విడిగా తీయండి, లేకపోతే పంక్తులు కలిసిపోతాయి.

లెక్కల మాస్టారికి కూడా ఒక మాట చెప్పండి. పైన చిన్నగా వేసిన 2ని టాక్‌బ్యాక్ చాలాసార్లు మామూలు 2గానే చదివేస్తుంది. ‘ఎక్స్ స్క్వేర్’ అని మాటల్లో రాస్తే అమ్మాయికి తికమక ఉండదు.

టాక్‌బ్యాక్ చదివే తెలుగు గొంతును స్కూలు వైఫైలో ఒకసారి డౌన్‌లోడ్ చేసి ఉంచితే ఆ తర్వాత నెట్ అక్కర్లేదు. కొద్దిగానైనా చూపు ఉంది కాబట్టి మ్యాగ్నిఫికేషన్ కూడా ఆన్ చేసి చూడండి. రోజంతా వినడంకన్నా పెద్దక్షరాలు చదువుకోవడమే ఆ అమ్మాయికి హాయిగా ఉండొచ్చు. ఆమెనే అడగండి.

ప్రశ్న: ఏడో తరగతిలో వినికిడి యంత్రం పెట్టుకునే బాబు ఉన్నాడు. మాటలను అక్షరాలుగా చూపే యాప్ ట్యాబ్‌లో వేశాం, సగం తప్పులే వస్తున్నాయి.
– సైన్స్ ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్

జవాబు: ట్యాబ్ బాబు బల్ల మీద ఉందా? అయితే దానికి ముందు వినపడేది పక్క పిల్లల గోల, ఫ్యాను చప్పుడు. ఆ తర్వాతే మీరు. ఈ పని చేసే గూగుల్ యాప్ లైవ్ ట్రాన్‌స్క్రైబ్ బయటి మైకులను తీసుకుంటుంది. బ్లూటూత్ మైకు ఒకటి ట్యాబ్‌కు కలిపి, మీ చొక్కాకు నోటికి జానెడు దూరంలో పెట్టుకోండి. భాష తెలుగు ఎంచుకున్నాక మధ్యలో పొడుగాటి ఇంగ్లిష్ వాక్యాలు చెబితే తడబడుతుంది. ‘కిరణజన్య సంయోగక్రియ’ లాంటి మాటలు ఎలాగూ తప్పుతాయి. ఆ పాఠంలో వచ్చే కొత్త మాటలు ఎనిమిదో పదో ముందే బోర్డు మీద రాసేయండి.

ఇంకొకటి. బాబు తెర చూస్తుంటే మీ పెదవులు చూడలేడు, పెదవులు చూస్తుంటే పటం చూడలేడు. పటం చూపాక కాసేపు మాట్లాడకుండా ఆగండి. బోర్డు వైపు తిరిగి రాస్తూ పాఠం చెప్పడం మానేయండి.

వినికిడి యంత్రం ఒకటి రెండు మీటర్ల దూరంలోనే బాగా పనిచేస్తుంది. ముందు వరసలో, కిటికీ వెలుగు మీ ముఖం మీద పడే చోట కూర్చోబెట్టండి. కిటికీ మీ వెనక ఉంటే ముఖం నల్లగా కనిపిస్తుంది.

ప్రశ్న: ఐదో తరగతిలో కొందరికి ఇంకా గుణింతాలే రావు. తరగతిలోని ప్యానెల్ (గోడకుండే పెద్ద టచ్ తెర) మీద వీడియో వేస్తే అందరికీ సరిపోతుందా?
– ప్రాథమిక పాఠశాల టీచర్, విజయనగరం

జవాబు: సరిపోదు. చదవడం వచ్చినవాళ్లకే అది లాభం. వాళ్లను ప్యానెల్ దగ్గర అభ్యాసాలు చేయనివ్వండి, ఆ ఇరవై నిమిషాలు మీరు మిగతావాళ్ల దగ్గర కూర్చోండి. పాఠంలోని ఐదారు వాక్యాలు మీ గొంతుతోనే ఫోన్‌లో నెమ్మదిగా రికార్డు చేసి, వింటూ పుస్తకంలో వేలు పెట్టి చదివించండి. రికార్డును స్లో చేసి వినిపించొద్దు, మాట సాగి అక్షరం పోల్చుకోలేరు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ పాఠాలను ప్రభుత్వ దీక్షా యాప్‌లో ముందురోజే డౌన్‌లోడ్ చేసుకుంటే తరగతిలో నెట్ కోసం ఎదురుచూడక్కర్లేదు.