2020 క్రిస్మస్: కిలో బియ్యం అరిసెలు, మ్యూట్‌లో చుట్టాలు

కరోనా రోజుల్లో క్రిస్మస్ ఇంట్లోనే చేసుకున్నవాళ్ళు ఎలా చేసుకున్నారు, వెలితిగా అనిపించలేదా అని అడిగారు. అనిపించింది. కాకపోతే మేం అనుకున్నచోట అనిపించలేదు.

మాది తెనాలి. 1842లో అమెరికా నుంచి హయ్యరు దొర గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషన్ తాలూకు లూథరన్లం, అంటే ప్రొటెస్టెంట్లలో ఒక శాఖవాళ్ళం. 2020 డిసెంబరు నాటికి గుళ్ళు తెరిచే ఉన్నాయి, జూన్‌లోనే అనుమతి ఇచ్చేశారు. మేం వెళ్ళకపోవడానికి కారణం మా అత్తయ్య. 78 ఏళ్ళు, షుగరు, ఆ సెప్టెంబరులోనే స్టెంటు వేశారు. అందుకని మా ఆయన, నేను, అత్తయ్య, పదేళ్ళ మా అబ్బాయి, అంతే.

ముందు అరిసెల సంగతి. ఏటా 22, 23 తారీఖుల్లో మా వెనక వాకిట్లో ఐదారుగురు ఆడవాళ్ళం చేరి 8 కిలోల బియ్యానికి వండేవాళ్ళం. ఒకరు పిండి జల్లిస్తే ఒకరు పాకం, ఒకరు తట్టడం, ఒకరు మూకుడు దగ్గర, ఒకరు చెక్కలతో నూనె నొక్కడం. ఆ ఏడాది అత్తయ్య కుర్చీలో, నేను పొయ్యి దగ్గర. కిలో బియ్యమే కదా, గంటలో తేల్చేద్దామనుకున్నాను. బెల్లం కొంచెమే అయితే పాకం ఇటు తిరిగి అటు చూసేలోపు ముదిరిపోతుందని నాకేం తెలుసు! నీళ్ళగిన్నెలో వేస్తే మెత్తగా ఉండ కట్టాలి. నాది గిన్నె అడుక్కి పోయి ఠంగుమంది. "ఇక దాన్లో వేరుశనగపప్పు పోసెయ్, అచ్చులైనా అవుతాయి" అన్నారు అత్తయ్య. అలా ఆ పండక్కి మా ఇంట్లో మొదటి పిండివంట పల్లీ అచ్చు. తడిపిండి ఆరిపోకుండా నొక్కిపెట్టి, మళ్ళీ బెల్లం కొట్టి, ఈసారి పాకం ఇంకా లేతగానే ఉందేమో అనిపిస్తుండగానే దించేశాను. కుదిరాయి. మీరు తక్కువ కొలతలో వండుతుంటే ఆ అనుమానం రాగానే దించెయ్యండి.

మా గుడిలో తొలి ఆరాధన తెల్లవారుజామున 4:30కి. అదే వేళకి ఇంట్లో కూర్చుని చుట్టాలందరినీ జూమ్‌లో కలిపాం. ఉచిత కాల్ మామూలుగా 40 నిమిషాలకే తెగిపోయేది, పండగని ఆ రెండుమూడు రోజులు ఆ గీత ఎత్తేశారు. లండన్‌లో మా మరిదీ తోడికోడలూ. కొత్త రకం వైరస్సని ఆ వారమే అక్కడ టియర్ 4 ఆంక్షలు పెట్టారు, పండగైనా సరే వేరే ఇంటివాళ్ళని లోపలికి పిలవకూడదు. 22 అర్ధరాత్రి నుంచి మనవాళ్ళు అక్కడి విమానాలే ఆపేశారు. మాకు 4:30 అంటే వాళ్ళకి ఇంకా ముందురోజు రాత్రి 11. అత్తయ్య "హ్యాపీ క్రిస్మస్ రా" అంటే, "ఇంకో గంట ఉందమ్మా" అన్నాడు.

కీర్తన ఎత్తుకోగానే గోల మొదలైంది. మా పల్లవి హైదరాబాదులో మా ఆడపడుచుకి చేరేసరికి మేం చరణంలో ఉన్నాం, లండన్ వాళ్ళు ఇంకా వెనక. అత్తయ్య ఎవరికోసమూ ఆగే మనిషి కాదు. గుడిలో అయితే హార్మోనియం ఆయనే ఆవిడ వెంట పరిగెత్తాలి. రెండు కీర్తనలు అలా నాశనం చేశాక మావాడు అందర్నీ మ్యూట్ చేసేసి, నాయనమ్మని ఒక్కదాన్నే వదిలాడు. తెరమీద తొమ్మిది డబ్బాలు, అన్ని నోళ్ళూ కదులుతున్నాయి, గొంతు మాత్రం ఆవిడదే. బైబిల్లో యేసు పుట్టిన కథ ఉండే లూకా 2వ అధ్యాయం మావాడే చదివాడు. వాక్యం, అంటే ప్రసంగం, మా పాస్టరు అయ్యగారిదే, తర్వాత యూట్యూబ్‌లో విన్నాం.

కానుక ఫోన్‌పేలో పంపాం. ఇది మర్చిపోకండి. చిన్న సంఘాల అయ్యగార్లకి ఆదివారం కానుకలే ఆధారం. ఆ మే నెలలో ప్రభుత్వం అర్చకులకీ ఇమాములకీ పాస్టర్లకీ తలా 5000 ఇచ్చింది గానీ, అది ఎన్నాళ్ళొస్తుంది? ఇంట్లో చేసుకుంటే పండగ ఖర్చు ఎలాగూ తగ్గుతుంది.

ఇక వెలితి. డిసెంబరు వచ్చిందంటే రాత్రి ఒంటిగంటకో రెండింటికో డోలక్, తాళాలతో క్యారల్స్ వాళ్ళు గేటు తట్టేవారు. అంతమందికి టీ పెట్టలేక ఏటా విసుక్కున్నదాన్ని నేనే. ఆ నెలంతా సరిగ్గా ఆ వేళకే మెలకువ వచ్చేది. 24 రాత్రి లేచి చూస్తే మా ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. స్టార్ లైటు ఆర్పడానికి వచ్చానన్నారు. అది వెలుగుతూనే ఉంది.

అరిసెలు ముప్ఫై ఇళ్ళకి పంచేవాళ్ళం, ఆసారి నాలుగిళ్ళకే. పక్కింటి ముస్లిం పిన్నిగారికి డబ్బా గోడమీద పెట్టి, ఫోన్ చేసి, వెనక్కి జరిగి నిలబడ్డాను. రంజాన్‌కి ఆవిడ సేమ్యా కూడా అలాగే ఆ గోడమీదకే వచ్చింది. మూడురోజులు ఆ డబ్బా వాళ్ళ మేడమీద ఎండలో బోర్లించి ఉండటం మా కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. నాలుగోరోజు గోడమీద పెట్టి ఫోన్ చేశారు. మూత తీస్తే అడుగున గుప్పెడు పంచదార.

"ఇదేంటి పిన్నిగారూ?" అన్నాను.

"కరోనా అయితే మాత్రం ఉత్త డబ్బా ఇస్తామా అమ్మాయ్!" అన్నారు.